అక్క కుక్క గుండె, నా ఉపన్యాసం

ముందు కనిపెట్టింది మా అక్క. ఆరు వారాల కుక్కపిల్లను ఒళ్లో వేసుకుని, దాని ఎడమ చంక కింద అరచెయ్యి ఆనించి, వంటింటి గడప దగ్గర కూర్చుని నన్ను పిలిచింది.

"తమ్మీ, గిటు రా. దీని రొమ్ముల ఏందో మర తిరుగుతున్నది."

నేను నవ్వాను. "గుండె ఉన్న ప్రతి జీవికీ కొట్టుకుంటది అక్కా."

"కొట్టుకునుడు నాకెరుక లేదా? గిది కొట్టుకునుడు గాదు. చెయ్యి పెట్టి సూడు, పెద్ద చదువులోనివి."

పెట్టి చూశాను. తెల్లటి బొచ్చు కింద, బొటనవేలంత వెడల్పు చోటులో, సన్నటి వణుకు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ లేదు. ఆగకుండా గిరగిరమంటోంది. నాందేడులో మా ఇల్లు మోంఢా, అంటే ధాన్యం, పత్తి అమ్మే బజారు, వెనక సందులో ఉండేది. పక్కనే పత్తి గింజలు తీసే జిన్నింగు మర. పత్తి వచ్చే నెలల్లో మా వంటింటి గోడ మీద చెయ్యి పెడితే ఆ మర తిరగడం తెలిసేది. కుక్కపిల్ల రొమ్ములో ఉన్నదీ సరిగ్గా అదే. అక్క పోలిక తప్పు కాదు. నా నవ్వే తప్పు.

డెబ్భైల నడిమి రోజులవి. మాది తెలుగు కోమట్ల కుటుంబం. తాతల కాలం నుంచి నాందేడులోనే వ్యాపారం. బాపు పోయాక మోంఢాలో పత్తి అడితి వ్యాపారం మా అన్న చేతికి వచ్చింది. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు సభల్లో దేవుళ్ల మీద, ముహూర్తాల మీద, కులం మీద మాట్లాడేవాణ్ణి. అక్క మా ఇద్దరికన్నా పెద్దది. ఇరవై రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఒంటిపూట భోజనం, తెల్లారి లేచి ఎవరికీ ఎదురు పడకుండా జాగ్రత్త. వితంతు వివాహం మీద నేను ఎన్ని ఊళ్లలో మాట్లాడానో లెక్కలేదు. నా ఉపన్యాసాలకు వేసుకునే చొక్కా ఉతికింది మా అక్క.

కుక్కల పిచ్చి మా అన్నది. సికింద్రాబాదు నుంచి రైల్లో, గంపలో, పామేరియన్ జంటను తెప్పించాడు. వీధికుక్క గడప తొక్కితే పేడనీళ్లు చల్లే ఇల్లు మాది. ఈ కుక్కలు మాత్రం దివాన్ మీద పడుకునేవి. ఎందుకంటే వీటికి కాగితం ఉంది. మూడు తరాల తాతముత్తాతల పేర్లు ఇంగ్లీషులో టైపు కొట్టి, ముద్ర వేసిన కాగితం. అన్న దానికి అద్దం కట్టించి, ముందు గదిలో బాపు ఫోటో పక్కన తగిలించాడు. ఇంగ్లీషు రాదు గనక ఒకరోజు నన్ను చదివి చెప్పమన్నాడు. చదివాను. మగకుక్క, ఆడకుక్క ఒక్క తల్లి పిల్లలే. పైకి వెళితే తాత అన్న చోట ఒకే కుక్క పేరు రెండు వైపులా ఉంది. ఇంకా పైన మళ్లీ అదే పేరు.

"అన్నా, గిది చెట్టు గాదు, తాడు. అటు పేనినా ఇటు పేనినా ఒకటే పోగు" అన్నాను.

"అందుకే గద ఇంత తెల్లగున్నయి. రక్తం బయటికి పోలేదు" అన్నాడు గర్వంగా.

మనుషుల పెళ్లి అంటే గోత్రం అడిగి, ఇంటిపేరు అడిగి, మూడు తరాలు తవ్వే మనిషి మా అన్న. అన్నాచెల్లెళ్లయిన కుక్కలను జత కట్టి దానికి శుద్ధి అని పేరు పెట్టడానికి ఆయనకు ఏమీ అడ్డం రాలేదు. ఆ జంటకు పుట్టిన నాలుగు పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా అందమైనది, ఈ మర పిల్ల. దాన్ని కిన్వట్ టేకు వ్యాపారి ఒకాయనకు ఇస్తానని అన్న మాటిచ్చి ఉన్నాడు.

మర్నాడు అక్కా నేనూ దాన్ని బుట్టలో పెట్టుకుని రిక్షాలో పశువుల దవాఖానాకు వెళ్లాం. ఆవరణ నిండా ఎద్దులు, బర్రెలు. మర్ఖేల్ నుంచి కుంటి ఎద్దును తోలుకొచ్చిన రైతు ఒకాయన బుట్టలోకి తొంగి చూశాడు.

"గిదేం జీవి తల్లీ? కుందేలా, గొర్రెపిల్లా?"

"కుక్కపిల్లనే అన్నా. గుండెల ఏందో రోగమున్నట్టున్నది" అంది అక్క.

"కుక్కకు గుండెరోగం!" ఆయన తన ఎద్దు వైపు తిరిగాడు. "ఇన్నవారా నాయనా? మా దిక్కు మనిషి రొమ్ముల నొప్పంటే సూసేటోడు లేడు. పుట్టితే గిసుంటి కుక్కై పుట్టాలె."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాట సభలో చెప్పడానికి బాగుంటుందని అప్పుడే మనసులో దాచుకున్నాను కూడా. నా బుద్ధి అలా పనిచేసేది.

డాక్టరు మరాఠీ ఆయన. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. కుక్కపిల్ల రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తరువాత గొట్టం నా చెవులకు తగిలించి, బిళ్లను ముందు కిందుగా పెట్టాడు, తరువాత పైకి, చంక లోపలికి జరిపాడు. చెయ్యికి వణుకుగా తెలిసింది చెవికి హోరుగా వినిపించింది. ఊపిరి తీసుకోకుండా ఊదుతున్న శంఖంలా ఉంది.

ఆయన మరాఠీలో చెప్పినదంతా నేను అక్కకు తెలుగులో చెపుతూ పోయాను. నా జీవితంలో చేసిన మంచి అనువాదం అదొక్కటే అనుకుంటాను.

గుండె చప్పుడంటే తలుపులు మూసుకునే చప్పుడు. లబ్ అని ఒక జత, డబ్ అని ఇంకొక జత. వాటి మధ్య నిశ్శబ్దం ఉండాలి. రక్తం ఇరుకులోంచి దూరినా, వెనక్కి కారినా, ఆ నిశ్శబ్దం ఉండవలసిన చోట గొణుగుడు వినిపిస్తుంది. డాక్టర్లు దాన్ని మర్మర్ అంటారు. అది జబ్బు కాదు, జబ్బు జాడ. కుక్కపిల్లల్లో సన్నగా ఉండి, నాలుగైదు నెలలకు దానంతటదే పోయే గొణుగుడూ ఉంది. చిన్నజాతి ముసలి కుక్కల్లో తలుపు రెక్కలు మొద్దుబారి కారడం ఇంకొకటి. పెద్దజాతి కుక్కల్లో కొన్నిటికి గుండె కండ బలహీనపడి సంచిలా సాగుతుంది. చాలాసార్లు గొట్టానికి ఏమీ వినిపించదు, ఒకరోజు నడుస్తూ నడుస్తూ పడిపోతుంది. గొణుగుడు పెద్దగా ఉంటే జబ్బు పెద్దదనీ, చిన్నగా ఉంటే చిన్నదనీ కాదు. ఎక్కడ వినిపిస్తోంది, ఎప్పుడు వినిపిస్తోంది, ఆగుతోందా ఆగడం లేదా, అది చూడాలి.

"ఇది ఆగడం లేదు" అన్నాడాయన.

టీకాల తేదీలు రాసే నల్లబల్ల మీద సుద్దతో రెండు గొట్టాలు గీశాడు. ఒకటి ఒంటికి రక్తం పంపేది, ఒకటి ఊపిరితిత్తులకు పంపేది. రెంటికీ మధ్య చిన్న అడ్డ గొట్టం గీశాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పిల్లకు ఊపిరితిత్తులతో పని లేదు గనక ఆ అడ్డదారి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకు మూసుకుపోవాలి. దీనికి మూసుకోలేదు. ఒంటికి పోవలసిన రక్తం సగం దారిలో తప్పుకుని ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మళ్లీ గుండెకు వచ్చి పడుతోంది.

"మోట తోలడం చూశారు కదా. కాలువకు గండి పడి, తోడిన నీళ్లు తోడినట్టే బావిలోకి జారిపోతున్నాయనుకోండి. ఎద్దు ఏం చేస్తుంది? పొలం తడవాలంటే రెట్టింపు తిరగాలి. కొన్నాళ్లు తిరుగుతుంది. తరువాత పడిపోతుంది."

అక్క అడిగింది, "ఆ గండి కట్టరాదా?"

పెద్ద ఊళ్లలో రొమ్ము తెరిచి ఆ గొట్టాన్ని దారంతో బిగించి కట్టొచ్చునని తను పుస్తకంలో చదివాననీ, తనకు తెలిసిన చోట్ల అప్పటికి కుక్కకు ఆ పని చేసేవాళ్లు లేరనీ చెప్పాడు. ఇంటి దగ్గర చేయగలిగింది చెప్పాడు. పరుగెత్తనివ్వొద్దు. లావెక్కనివ్వొద్దు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్ఫై లోపు ఉంటే మంచిది. నలభై దాటినా, దగ్గు మొదలైనా, నాలుక నీలపడినా తీసుకురండి. "అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని జత కట్టొద్దు. మోసే కాలంలో గుండె మీద ఇంకొంత భారం పడుతుంది, ఈ గుండె ఆ భారం మొయ్యలేదు. ఈ లోపం రక్తంలో దిగుతుంది గనక దీని తల్లిదండ్రులను కూడా మళ్లీ కలపొద్దు."

అప్పుడు నేను కళ్లు మెరిపిస్తూ అడిగాను: మరి మనుషుల్లో మేనరికాలు?

ఆయన సుద్ద కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "మాస్తర్, నాకు తెలిసింది ఎద్దులు, బర్రెలు, కొద్దిగా కుక్కలు. మనుషుల సంగతి మనుషుల డాక్టర్ని అడగండి. ఒక కుక్కను చూసి మనుషుల మీద మాట చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు." బయటికి వచ్చేటప్పుడు ఇంకో మాట అన్నాడు. "మీ అన్నకు ఇంట్లో, అన్నం తిన్నాక, మెల్లగా చెప్పండి. బేపారికి తన సరుకు మీద బజారులో మాట పడటం కంటే పెద్ద జబ్బు లేదు."

ఆ చెప్పడం అక్క చేసింది, నేను కాదు. మూడో రోజు అన్న భోంచేసి తాంబూలం వేసుకునేటప్పుడు పిల్లను తెచ్చి ఆయన చెయ్యి పట్టుకుని దాని రొమ్ము మీద పెట్టింది. గోత్రం ఎత్తలేదు, కాగితం ఎత్తలేదు, తప్పెవరిదో ఎత్తలేదు.

"పాపం తమ్మీ, లోపల ఎంత కష్టపడుతున్నదో సూడు."

అన్న చెయ్యి చాలాసేపు తియ్యలేదు. "కిన్వట్ ఆయనకు వేరేది ఇస్త తియ్యి. దీన్ని నువ్వుంచుకో" అన్నాడు. "జత గిత ఏమొద్దు. నీ దగ్గరనే పడి ఉండనీ."

అంతే. గొడవ లేదు, వాదం లేదు. కుక్క బతికినన్నాళ్లు బతికేది. ముప్ఫై ఎనిమిదేళ్లు నిండిన మా అక్కకు ఆ ఇంట్లో 'ఇది నీది' అని ఒకరు ఇచ్చిన మొదటి వస్తువు అది. ఒంటిపూట తినే మనిషి దాని కోసం రెండో పూట పొయ్యి వెలిగించి జొన్నరొట్టె కాల్చి పాలలో నానబెట్టేది. నిద్రపోయే కుక్క పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టేది. ఆమెకు గడియారం చూడటం రాదు. నేను వాచీ పట్టుకుని 'కానీ' అంటే మొదలుపెట్టి, 'ఆపు' అంటే ఆపేది. లెక్క తప్పకుండా తులసిమాల తిప్పేది, ఊపిరికి ఒక పూస. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. జపమాలను నేను ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో! నాకు తెలిసి ఆ మాలతో జరిగిన నికార్సయిన పని అది, చేసింది అక్షరం రాని మా అక్క.

ఆ ఏడు గణపతి నవరాత్రుల వ్యాఖ్యానమాలలో నాకు ఒక సాయంత్రం ఇచ్చారు. మరాఠీ ఊళ్లలో అదొక మంచి ఆచారం. పండుగ పేరు చెప్పి పందిట్లో రోజుకొక వక్తను పిలిచి మాట్లాడిస్తారు. దేవుడి ఎదుటే దేవుడు లేడనొచ్చు. 'రక్తశుద్ధి అనే భ్రమ' అని నా అంశం. కాగితం మీద రాసుకున్నదంతా పొడిగా ఉంది. ఒక బతికున్న ఉదాహరణ కావాలి. మా ఇంట్లోనే ఉంది కదా.

తాడు మాట చెప్పాను, జనం నవ్వారు. మర్ఖేల్ రైతు మాట చెప్పాను, చప్పట్లు కొట్టారు. నల్లబల్ల మీది గొట్టాలు చేతులతో గాలిలో గీసి చూపించాను. అక్కడితో ఆపి ఉంటే బహుశా అన్న రెండు రోజులు ముఖం ముడుచుకుని ఊరుకునేవాడు. కానీ చప్పట్లు విన్న వక్తకు ఆగడం తెలియదు. కుక్కల నుంచి మేనరికాలకు దూకాను. మా అన్న చేసుకున్నది మేనమామ కూతుర్ని. వాళ్ల మొదటి బిడ్డ ఆరు నెలలకు పోయింది. ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను పేరు చెప్పకుండా అన్నాను, "కుక్కపిల్లకు గొట్టం పెట్టి విన్నవాళ్లున్నారు. అదే ఇంట్లో, అదే శుద్ధ రక్తానికి పుట్టి ఆరు నెలలకు పోయిన పసిబిడ్డకు ఎవరైనా గొట్టం పెట్టారా?"

పందిట్లో అందరూ మౌనమైపోయారు. అది నా మాటల బలం అనుకున్నాను.

ఆధారం లేదని డాక్టరు చెప్పిన మాటను నేను ఆ రోజు దాచేశాను. జాతకం చెప్పేవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. ఒకచోట దొరికిన చిన్న నిజాన్ని తీసుకుని, దాని అధికారంతో తెలియని చోట తీర్పు చెప్పాను.

మర్నాడు మోంఢాలో దలాల్ ఒకడు అన్నను నిలబెట్టి, "కాయ్ శేట్‌జీ, కుత్ర్యాచ కాళీజ్ గళత మ్హణే?" అన్నాడట. కుక్క గుండె కారుతోందట కదా అని. ఇంకొకడు వెనక నుంచి దక్కనీలో అందుకున్నాడట: "కుత్తే కాచ్ క్యా, పూరే ఖాన్‌దాన్ కా దేఖ్నా పడ్తా." కుక్కదేమిటి, వంశం మొత్తానిదే చూడాలని.

మధ్యాహ్నం నాకు వడ్డిస్తూ వదినె అడిగింది. గొంతు పెంచలేదు.

"ఏమయ్యా, నా బిడ్డను కుక్కపిల్లతోని జతచేసి చెప్పినవట గద?"

"అట్ల కాదు వదినె, నేను శాస్త్రం..."

"తిను" అంది. చారు పోసి లోపలికి పోయింది.

సాయంత్రం అన్న వచ్చాడు. ముందు గదిలో ఇద్దరు ముగ్గురు మోంఢా వాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ఎదుటే, అద్దం కట్టిన కాగితం కింద నిలబడి అన్నాడు.

"నా పెండ్లాం కడుపును బజార్ల పెట్టినవ్. ఇగ ఇను. గదే కుక్క, గదే రక్తం, దాని తండ్రితోనే కడుత. గీ ఇంట్లనే ఈనుతది. నాలుగు పిల్లలను పెడుతది. ఎవని రక్తంల ఏం దోషమున్నదో ఊరంత సూస్తది."

ఆయన నిజంగా మాట్లాడుతున్నది కుక్క గురించి కాదని ఇప్పుడు నాకు తెలుస్తుంది. అప్పుడు నాకు కనిపించింది సవాలు. సవాలు కనిపిస్తే నాకు ఒళ్లు తెలిసేది కాదు.

"డాక్టరు వద్దన్నడు. అది సస్తది" అన్నాను.

"నీ డాక్టరు ఎద్దుల డాక్టరు."

"గీ ఇంటికి గా డాక్టరే సరిపోతడు."

మోంఢా వాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వుతో అన్న వెనక్కి రాగలిగే దారి మూసుకుపోయింది. వంటింటి గుమ్మంలో అక్క కుక్కను ఎత్తుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది. నేను గెలిచిన ముఖంతో ఉన్నానేమో, ఆమె చూపు దించుకుంది.

తరువాత రెండు నెలలు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అన్న మరిచిపోయాడనుకున్నాను. పత్తి రావడం మొదలైన రోజుల్లో కుక్క ఎదకు వచ్చింది. అన్న దాన్ని దాని తండ్రితో పాటు గోదాంలో పెట్టి గొళ్లెం వేస్తానన్నాడు. ఆ పొద్దున అక్క నా గదికి వచ్చింది. నేను బడికి వెళ్లడానికి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాను.

"తమ్మీ, నీ కాళ్లు పట్టుకుంట. అన్న దగ్గరికి పోయి తప్పయింది అని ఒక్క మాట అను. ఆయన ఆగుతడు. ఆగనీకె ఒక సాకు గావాలె ఆయనకు, గంతే."

"నేనన్నది నిజం అక్కా. నిజానికి తప్పయిందని ఎట్లంట?"

"కుక్క సంగతి నిజమే. వదినె బిడ్డ సంగతి నీకేమెరుక?"

నేను ఆఖరి బొత్తాం పెట్టుకున్నాను. పందిట్లో ఆ బిడ్డ గురించి అన్న ఒక్క వాక్యంలో నాకు నిజంగా క్షమాపణ చెప్పవలసిన అబద్ధం ఉంది. చెపితే నా సిద్ధాంతం ఏ మాత్రం చెడేది కాదు. అయినా ఒకసారి వంగితే మళ్లీ సభలో ఎట్లా నిలబడతాను అనిపించింది. "దాని బతుకు గిప్పుడు నీ నోట్ల ఉన్నది తమ్మీ" అంది అక్క. నేను చెప్పులేసుకుని బడికి వెళ్లిపోయాను. ఆరో తరగతి పిల్లలకు ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

సాయంత్రం నేను వచ్చేసరికి గోదాం గొళ్లెం తీసి ఉంది. కుక్క అక్క మంచం కింద పడుకుని ఉంది.

కడుపు నిలిచింది. నాలుగు వారాలు ఏమీ కాలేదు. అన్న ధీమాగా తిరిగాడు. ఐదో వారంలో దగ్గు మొదలైంది. గొంతులో ఈక ఇరుక్కున్నట్టు మెడ చాచి, ముందు కాళ్లు వెడల్పుగా పెట్టి దగ్గేది. చివర కక్కబోయినట్టు చేసి ఏమీ రాక మన వైపు చూసేది. పూసలు ముప్ఫై ఆరుకు వచ్చాయి. తరువాత నలభై నాలుగు. డాక్టరు తనంతట తనే ఇంటికి వచ్చాడు. నా ఉపన్యాసం గురించి వినే ఉంటాడు, ఒక్క మాట అనలేదు. నీరు తీసే గోళీలు, గుండెకు బలమిచ్చే గోళీలు ఇచ్చాడు. ఈ దశలో కడుపు తీసేయాలన్నా మత్తుకే పోతుందన్నాడు. అన్న గుమ్మం బయట నిలబడి అంతా విన్నాడు. మర్నాటి నుంచి గోళీలు తెచ్చింది అన్నే. వాటిని చిదిమి పాలలో కలిపింది వదినె. ఇంట్లో అందరం ఆ కుక్క చుట్టూ తిరుగుతున్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం లేదు.

ఏడో వారం. మధ్యాహ్నం మూడు గంటలు, నాకు బడి సెలవు. అక్క గోడకు వీపు ఆనించి కాళ్లు చాపి కూర్చుంది. కుక్క పడుకోలేకపోతోంది, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటోంది. అందుకని దాని ముందు కాళ్లను తన మోకాలి మీద ఎత్తిపెట్టుకుంది. నాలుక నేరేడుపండు తిన్నట్టు ఉంది. నేను వాచీ తీశాను. అక్క మాల అందుకోలేదు.

"ఇగ లెక్క ఎందుకు తమ్మీ" అంది.

పక్కన జిన్నింగు మర జోరుగా తిరుగుతోంది. గోడ అదురుతోంది. కుక్క ఒకసారి పెద్దగా దగ్గి, తల అక్క మోచేతి మీద పెట్టింది. అక్క అరచెయ్యి దాని చంక కిందే ఉంది. కొంతసేపటికి ఆమె అంది, "ఆగింది." నేను చూస్తే ఏమీ తెలియలేదు. గోడ అదురుతూనే ఉంది. ఆమె మళ్లీ అంది, "గోడది గాదు. దీనిది ఆగింది."

అన్న దాన్ని తువ్వాలులో చుట్టి, చెప్పుల్లేకుండా, తనే గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చాడు. స్నానం చేసి గదిలోకి పోయాడు. నేను ఓదార్చలేదు. నా లోపల అప్పుడు కూడా ఒక గొంతు 'నేను చెప్పినట్టే అయింది' అంటోంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

రోత అంటున్నాను గానీ, ఆ మరు సంవత్సరమే ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాను. చివర ఒక పేరా చేర్చాను: శుద్ధ రక్తపు వ్యామోహం ఆ మూగజీవిని బలి తీసుకుందని. పేరా బాగుందని స్నేహితులు మెచ్చుకున్నారు. అన్న ఆ పాత జంటనే మళ్లీ కట్టాడు. పిల్లలు ఇస్లాపూర్ వెళ్లాయి, కిన్వట్ వెళ్లాయి. వాటిలో ఎన్నిటి రొమ్ము మీద ఎవరైనా చెయ్యి పెట్టి చూశారో నాకు తెలియదు. కాగితం మాత్రం గోడ మీదే ఉంది. ఒక ఇంట్లో ఒక మూఢుడు, ఒక హేతువాది. ఇద్దరం మా మా కాగితాలను అద్దం కట్టి పెట్టుకున్నాం.

పుస్తకం వచ్చిన రోజు అక్క అడిగింది, అందులో కుక్క సంగతి ఉందట కదా, చదివి చెప్పమని. మరాఠీ చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చివరి పేరా దాకా కదలకుండా వింది.

"అన్నీ మంచిగనే రాసినవ్" అంది. "నేను నిన్ను అడిగిన మాట ఏడున్నది?"

"ఏ మాట అక్కా?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఏ మాటో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు.

ఆ తరువాత పదేళ్లు అక్క నా అన్నం నాకు వడ్డిస్తూనే ఉంది, చొక్కాలు ఉతుకుతూనే ఉంది. కుక్క మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె పోయింది. ఆ వెనకే అన్న పోయాడు. మోంఢా వెనక ఇంట్లో వదినె ఉంది. మొన్న నాందేడు వెళ్లినప్పుడు ఆమె ముందు గదిలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎన్నో సభల్లో తడబడని వాణ్ణి, నాలుగు మాటలకు తడబడ్డాను.

"వదినె, ఆ గణపతి పందిట్ల నీ బిడ్డ గురించి నేనన్నది, నాకు తెలియకుండ అన్న. ఆధారం లేదు. తప్పయింది."

ఆమె చేటలో చెయ్యి ఆపి నన్ను చూసింది.

"గిప్పుడా?" అంది. మళ్లీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.